ముక్కు పోయింది... గుండె మిగిలింది
మాంట్రియల్ నుంచి మన్యం దాకా ఒక డీజిల్ ఇంజన్ యథార్థ గాథ

1925 నవంబరు మొదటి వారం. కెనడాలో చలి అప్పుడే ముదురుతోంది. మాంట్రియల్ స్టేషన్‌లో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న బండిని జనం వింతగా చూస్తున్నారు. దానికి పొగగొట్టం లేదు. బొగ్గు లేదు. నీళ్ల ట్యాంకు లేదు. రెండు పెట్టెలను ఒకదానికొకటి అతికించినట్టుంది, అంతే. కెనడియన్ నేషనల్ రైల్వే దానికిచ్చిన నంబరు 15820. లోపలున్నది బ్రిటన్‌కు చెందిన బియర్డ్‌మోర్ కంపెనీ డీజిల్ ఇంజన్. ఎనిమిది సిలిండర్లు, 340 హార్స్‌పవర్.

సిబ్బందికి పెట్టిన పరీక్ష ఒక్కటే. పడమటి కొసనున్న వాంకూవర్ చేరేదాకా ఇంజన్ ఆగకూడదు. బండి ఎక్కడైనా ఆగొచ్చు, సిబ్బంది మారొచ్చు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి.

దూరం 4,700 కిలోమీటర్ల పైమాటే. రాతి నేలలు, సరస్సులు, మంచు మైదానాలు, ఆ తర్వాత రాకీ పర్వతాలు. ఆవిరి ఇంజనైతే దారి పొడవునా నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద దులపాలి. కొన్ని వందల కిలోమీటర్లకోసారి ఇంజన్‌నే మార్చేయాలి. 15820కి ఆ అవసరాలేవీ పడలేదు. 67 గంటల్లో వాంకూవర్ చేరింది. సగటున గంటకు 70 కిలోమీటర్లు. మాంట్రియల్‌లో మొదలైన ఇంజన్ చప్పుడు వాంకూవర్ దాకా ఆగలేదు.

ఆ పరుగుకీ మన మన్యంలోని కురుపాం కొండలకీ సంబంధమేమిటని అడగొచ్చు. ఉంది. ఆ రోజు మొదలైన డీజిల్ ప్రయోగం నాలుగు దశాబ్దాల తర్వాత అరకు ఘాట్ ఎక్కింది. దారిలో అది అందమైన ముక్కు ఒకటి తగిలించుకుంది, ఆ తర్వాత దాన్ని వదిలించుకుంది. ఈ కథ ఆ ప్రయాణానిదే.

కవచం తొడిగిన ఇంజన్

అప్పట్లో కెనడియన్ నేషనల్ అధ్యక్షుడు సర్ హెన్రీ థార్న్‌టన్. అప్పులతో, దివాలా తీసిన పాత కంపెనీలతో ఏర్పడిన ప్రభుత్వ రైల్వేని నిలబెట్టే బాధ్యత ఆయనది. ఇంజన్ల విభాగం అధిపతి సి.ఇ. బ్రూక్స్. 15820 పరుగు చూశాక వాళ్లకు ధైర్యం వచ్చింది. చిన్న బండి సరే, పెద్ద ఎక్స్‌ప్రెస్‌నే డీజిల్‌తో లాగిస్తే?

1928-29లో ఆ పెద్ద ఇంజన్ తయారైంది. రెండు భాగాలు, నంబర్లు 9000, 9001. రెండూ కలిస్తే 2,660 హార్స్‌పవర్. బరువు దాదాపు మూడొందల టన్నులు. డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది. జనరేటర్ కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో చక్రాల దగ్గరున్న మోటార్లు తిరుగుతాయి. నేటికీ మన డీజిల్ ఇంజన్లు పనిచేసే పద్ధతి అదే. 1929లో మాంట్రియల్, టొరంటోల మధ్య అది ప్రయాణికుల బండిని లాగింది. ఆకారంలో మాత్రం సొగసేమీ లేదు, ఇనుప పెట్టెకు కిటికీలు పెట్టినట్టుండేది.

అదే బియర్డ్‌మోర్ కంపెనీ కెనడా రైళ్ల కోసం చేసిన ఇంజన్ నుంచే ఆకాశనౌక ఇంజన్‌నూ తయారుచేసింది. దాని పేరు టొర్నాడో. బ్రిటన్ నిర్మించిన ఆర్101 ఆకాశనౌకకు అలాంటివి అయిదు బిగించారు. రైలు పుట్టుక కదా, అనుకున్నదానికంటే బరువెక్కువ. 1930 అక్టోబరులో ఆర్101 మనదేశం వైపే బయల్దేరింది. గమ్యం కరాచీ. అక్టోబరు 5 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర గాలివానలో కూలి మంటల్లో కాలిపోయింది. 54 మందిలో 48 మంది పోయారు. ఆ ఇంజన్ వంశం ఆకాశమార్గాన భారతదేశం చేరాలని చూసిన ప్రయత్నం అలా ముగిసింది.

కెనడాలో 9000 ఇంజన్‌కి మరో విచిత్రమైన ఉద్యోగం దొరికింది. 1942లో జపాన్ సేనలు పసిఫిక్ తీరంలో దిగుతాయేమోనన్న భయం కెనడాను పట్టుకుంది. ప్రిన్స్ రూపర్ట్ రేవు వైపు సాగే రైలుమార్గానికి కాపలాగా ఒక సాయుధ రైలును సిద్ధం చేశారు. ఆవిరి ఇంజన్ పొగ శత్రువుకు దూరం నుంచే కనబడుతుంది, అందుకని డీజిల్‌ను ఎంచుకున్నారు. 9000కి ఉక్కు కవచం తొడిగారు.

అదే ఏడాది ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. కాకినాడ మీదా వేశాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. పసిఫిక్ మహాసముద్రానికి అవతల ఒక డీజిల్ ఇంజన్ కవచం తొడుక్కోవడానికీ, ఇక్కడ విశాఖ జనం మూటాముల్లె సర్దుకోవడానికీ కారణం ఒకటే. పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి అదే జపాన్ కోసం మనం కొండలు తొలిచి రైలు వేస్తామని ఆనాడు చెబితే ఎవరూ నమ్మి ఉండరు.

ముక్కు ఎందుకు వచ్చింది?

రైలింజన్‌కి కోలముక్కు గాలిని చీల్చడానికే అని చాలామంది అనుకుంటారు. కెనడాలో అది మొదట వచ్చింది పొగ కోసం. ఆవిరి ఇంజన్ వేగంగా వెళ్తుంటే పొగ కిందికి వాలి డ్రైవర్ కిటికీని కమ్మేసేది, ముందున్న సిగ్నల్ కనబడేది కాదు. కెనడియన్ నేషనల్ ఇంజనీర్లు ఒట్టావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ గాలి సొరంగంలో నమూనాలు పెట్టి పరీక్షలు చేయించారు. పొగను పైకి ఎగదోసే ఆకారం కుదిరాక, 1936లో మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్ 6400 తరగతి ఆవిరి ఇంజన్లను అయిదింటిని నున్నటి తొడుగుతో తయారుచేసింది. 1939లో బ్రిటిష్ రాజదంపతులు కెనడాలో తిరిగిన రైలును లాగిన ఇంజన్లలో 6400 ఒకటి.

డీజిల్‌కి అంత పొగ లేదు. అయినా ముక్కు మాత్రం దానికీ వచ్చింది, ఎందుకంటే యుద్ధం ముగిశాక రైల్వేలకు కొత్త ముఖం కావాల్సి వచ్చింది. కార్లు, విమానాలు ప్రయాణికులను లాక్కుపోతున్నాయి. బండిని చూడగానే ‘ఇది కొత్తది’ అనిపించాలి. 1940ల చివర కెనడా పట్టాల మీదికి గుండ్రటి ముక్కు డీజిళ్లు వచ్చాయి. 1950లో ఒంటారియో రాష్ట్రంలోని లండన్ పట్టణంలో జనరల్ మోటార్స్ డీజిల్ కర్మాగారం తెరిచింది. 1955 ఏప్రిల్ 24న కెనడియన్ పసిఫిక్ ‘ద కెనడియన్’నీ, కెనడియన్ నేషనల్ ‘సూపర్ కాంటినెంటల్’నీ ఒకే రోజున పట్టాలెక్కించాయి. రెండింటి ముందూ కోలముక్కు డీజిళ్లే. కంపెనీలు పంచిన ఫొటోల్లోనూ క్యాలెండర్లలోనూ ఆ ముక్కే కనిపించేది.

1958-59లో మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్ కెనడియన్ నేషనల్‌కి ఎఫ్‌పీఏ-4 అనే ఇంజన్లు ఇచ్చింది. వంపు తిరిగిన ముక్కు. లోపల ఆల్కో కంపెనీ రూపొందించిన 251బి డీజిల్, పన్నెండు సిలిండర్లు, 1,800 హార్స్‌పవర్. మాంట్రియల్ వర్క్స్‌ది అమెరికాలోని ఆల్కో కుటుంబమే. డ్రాయింగులు ఆల్కో కేంద్రమైన స్కెనెక్టడీలో గీస్తే బండ్లు మాంట్రియల్‌లో తయారయ్యేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే పన్నెండు సిలిండర్ల 251బి, అదే 1,800 హార్స్‌పవర్, స్కెనెక్టడీలో తయారై ఓడలెక్కుతున్నాయి. అవి చేరాల్సింది ఇండియాకి.

వంద ముక్కులు దిగాయి

రెండో పంచవర్ష ప్రణాళిక నడుస్తున్న కాలం. రూర్కెలా, భిలాయి, దుర్గాపూర్‌లలో ఉక్కు కర్మాగారాలు లేస్తున్నాయి. గనుల నుంచి బొగ్గూ ఇనుప రాయీ లాగలేక ఆవిరి ఇంజన్లు ఆయాసపడుతున్నాయి. అప్పుడు రైల్వే శాఖ ఆల్కో నుంచి వంద డీజిల్ ఇంజన్లు కొంది. 1957లో మొదలై 1959 కల్లా అన్నీ వచ్చాయి. తరగతి పేరు డబ్ల్యూడీఎం-1, నంబర్లు 17000 నుంచి 17099. మన బ్రాడ్‌గేజ్ మెయిన్‌లైన్ మీద తొలి డీజిళ్లు ఇవే. వాటిని తూర్పు, ఆగ్నేయ రైల్వేల ఖనిజ మార్గాల్లో పనిలో పెట్టారు.

ఆల్కో ఈ నమూనాకి ‘వరల్డ్ సిరీస్’ అని పేరు పెట్టుకుంది. ఇవే ఆస్ట్రేలియాలోనూ దక్షిణ అమెరికాలోనూ తిరిగాయి. మనకొచ్చిన వాటికి ఒక చివర వంపు ముక్కు, దాని వెనక డ్రైవర్ గది. రెండో చివర మొండి గోడ, అక్కడ డ్రైవర్ గది లేదు. చూడముచ్చటగానే ఉండేవి కానీ గమ్యం చేరాక చిక్కొచ్చేది. మొండి వైపు నుంచి నడపలేరు. టర్న్‌టేబుల్ ఎక్కించి తిప్పాలి, లేదా రెండు ఇంజన్లను వీపులు కలిపి జత చేయాలి. యార్డులో వ్యాగన్లు తగిలించేటప్పుడు వెనక ఏం జరుగుతోందో డ్రైవర్‌కు కనబడదు. ఒంటినిండా తొడుగు ఉన్నందువల్ల మెకానిక్ లోపల ఒదిగి ఒదిగి రిపేరు చేయాలి. పైగా సరుకు రైలు నడిచే వేగంలో ఆ ముక్కు వల్ల గాలి నిరోధం తగ్గేది నామమాత్రమే.

దీనికి విరుగుడు ఆల్కో దగ్గరే ఎప్పటినుంచో ఉంది. 1941లోనే అది ఆర్‌ఎస్-1 అనే ఇంజన్ చేసింది. ఒంటినిండా తొడుగు లేదు, ఇంజన్ మీద సన్నటి మూత, పక్కన నడవడానికి దారి, రెండు దిక్కులా చూపు అందే డ్రైవర్ గది. అందం లేదు, పని ఉంది. అమెరికా, కెనడాల్లో సరుకు రైళ్లు మెల్లమెల్లగా ఆ దారి పట్టాయి. 1962లో మనకూ ఆ రకమే వచ్చింది. అదే డబ్ల్యూడీఎం-2.

ముక్కు ఊడింది, ఇంజన్ మాత్రం పెరిగింది. అదే 251 కుటుంబం, కానీ పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. ఆల్కో సహకారంతో 1961లో వారణాసిలో నెలకొల్పిన డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి 1964లో తొలి ఇంజన్ బయటికొచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఈ రకం ఇంజన్లు రెండున్నర వేలకు మించి తయారయ్యాయి. ఒక చివర పొట్టి మూత, ఇంకో చివర పొడుగు మూత. డ్రైవర్ల భాషలో షార్ట్ హుడ్, లాంగ్ హుడ్. ఎటు నుంచైనా నడపొచ్చు.

కొండ పిలిచింది

ఇప్పుడు మన వైపు వద్దాం. కురుపాం ఒకప్పుడు జమీందారీ. విశాఖ పాతబస్తీలో కురుపాం మార్కెట్ పేరు ఇప్పటికీ వినబడుతుంది. సవర, జాతాపు గూడేల నడుమనున్న ఈ ఊరికి మాత్రం రైలు పట్టా రాలేదు. 1908-09లో బెంగాల్ నాగపూర్ రైల్వే విజయనగరం నుంచి పార్వతీపురం దాకా పట్టాలు వేసింది. 1913లో సాలూరుకు ఒక కొమ్మ వేసింది. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా మార్గం 1931కి పూర్తయింది. కురుపాం మనిషికి రైలంటే పార్వతీపురమే. ఈ మార్గం లోయలు చూసుకుని కొండల్ని తప్పించుకుంటూ పోతుంది.

పడమట ఉన్న అనంతగిరి, అరకు కొండలను మాత్రం ఎవరూ కదిలించలేదు. వాటి అవతల బస్తర్‌లో బైలాడిల్లా. అక్కడి రాయిలో ఇనుము పుష్కలం. జపాన్ ఉక్కు కంపెనీలకు అది కావాలి. 1960లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. బైలాడిల్లా రాయి విశాఖ రేవు చేరాలి, అక్కడి నుంచి ఓడెక్కాలి. అంటే తూర్పు కనుమలను అడ్డంగా దాటే బ్రాడ్‌గేజ్ కావాలి.

దండకారణ్య, బొలంగీర్, కిరిబురు పేర్ల తొలి అక్షరాలతో డీబీకే ప్రాజెక్టు మొదలైంది. అందులో కష్టమైన ముక్క కొత్తవలస, కిరండూల్ మార్గం. పొడవు దాదాపు 445 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ. ఒక్కో స్టేషన్ ఒక్కో మెట్టు. శిమిలిగూడ దగ్గర పట్టా సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. సొరంగాలు 58. వాలు అరవైకి ఒకటి, అంటే అరవై మీటర్లు వెళ్తే మీటరు ఎత్తు.

ఇక్కడ కెనడాతో ఒక పోలిక చూడాలి. 15820 దాటిన రాకీ పర్వతాల కనుమ పేరు యెల్లోహెడ్. ఎత్తు సుమారు 1,130 మీటర్లు. కానీ అక్కడ పట్టా నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ కనుమను ఎంచుకున్నదే అందుకు. ఎత్తులో మన శిమిలిగూడ కాస్త తక్కువ కావచ్చు, ఎక్కే వాలులో మాత్రం మన ఘాటే కఠినం. రాకీ పర్వతాల పేరు ప్రపంచమంతా వినబడుతుంది. త్యాడ పేరు విజయనగరం దాటితే వినబడదు.

ఇలాంటి మార్గంలో ఆవిరి ఇంజన్ అంటే ప్రాణాలతో చెలగాటం. ఒక సొరంగం దాటి ఊపిరి తీసుకునేలోపే ఇంకో సొరంగం. వాలు ఎక్కుతూ నెమ్మదిగా కదిలే ఇంజన్ పొగ ఆ గుహలో డ్రైవర్‌నీ ఫైర్‌మ్యాన్‌నీ ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. కొండ మీద నీళ్లు పట్టడం మరో బెడద. అందుకే డీజిల్‌నే నమ్ముకున్నారు. 1965లో వాల్తేరులో డీజిల్ షెడ్ వెలిసింది. 1966-67లో మార్గం తెరుచుకుంది. 1968లో కిరండూల్ గని నుంచి ఇనుప రాయి పెద్దఎత్తున కదలడం మొదలైంది.

ఒక రాత్రి ఘాట్‌లో

ఆ రోజుల ఘాట్ డ్యూటీ ఎలా ఉండేదో చూద్దాం. వర్షాకాలం, అర్ధరాత్రి దాటింది. శిమిలిగూడలో ఇనుప రాయి బండి ఆగి ఉంది. ముందు జతకట్టిన డబ్ల్యూడీఎం-2లు. వెనక చీకట్లో కలిసిపోయిన వ్యాగన్లు. ఇక్కడి నుంచి దారంతా పల్లమే.

కొత్తగా చేరిన డీజిల్ అసిస్టెంట్ కిటికీలోంచి తొంగి చూశాడు. మంచులో సిగ్నల్ దీపం మసగ్గా కనబడుతోంది.

“గురూగారూ, పైకొచ్చేటప్పుడే కష్టం అనుకున్నాను. ఇప్పుడింక తేలికే గదండి?”

పెద్ద డ్రైవర్ నవ్వాడు. “ఒరే అబ్బాయ్, ఎక్కడానికి ఇంజన్ కావాలి. దిగడానికి బుర్ర కావాలి. ఎక్కలేకపోతే బండి ఆగిపోద్ది, అంతే. దిగేటప్పుడు ఆగకపోతేనే సంగతి.”

“బ్రేకులున్నాయి గదండి.”

“బ్రేకులు ఏడెక్కిపోతే ఏటి సేస్తావు? కమురు వాసనొచ్చిందంటే ఆలస్యమైపోయినట్టే. అదిగో, సిగ్నలిచ్చాడు. సెయ్యి సూపించు.”

అసిస్టెంట్ పచ్చలాంతరు ఊపాడు. బండి కదిలింది. కొన్ని నిమిషాలకే వెనకనున్న బరువు ముందుకు నెట్టడం మొదలుపెట్టింది. డ్రైవర్ హ్యాండిల్‌ను డైనమిక్ బ్రేక్‌లోకి తిప్పాడు. ఇంజన్ మూత మీద ఫ్యాన్ ఒక్కసారిగా హోరెత్తింది.

పల్లంలో బండి దిగుతుంటే ఎద్దులు వెనక్కి కాళ్లు తన్నిపెట్టి బరువును ఆపుతాయి చూడండి, డైనమిక్ బ్రేక్ పని అదే. ఎక్కేటప్పుడు కరెంటుతో చక్రాల్ని తిప్పే మోటార్లను, దిగేటప్పుడు చక్రాలే తిప్పేలా చేస్తారు. అప్పుడు మోటార్లు జనరేటర్లవుతాయి. పుట్టిన కరెంటు ఇంజన్‌లోని రెసిస్టర్లలో వేడిగా మారి గాల్లో కలుస్తుంది. కరెంటు పుట్టించడానికి పడే శ్రమే చక్రాలను నిలదీస్తుంది. చక్రాలను నొక్కే బ్రేకు దిమ్మలు అరగవు, కాలవు. అయితే దీనికీ హద్దుంది. వేగం బాగా తగ్గితే ఈ బ్రేక్ పట్టు తప్పుతుంది. పూర్తిగా ఆపాలంటే మామూలు బ్రేకులే దిక్కు. రెండింటినీ ఎక్కడ ఎంత వాడాలన్నదే ఘాట్ డ్రైవర్ విద్య.

కరకవలస దాటింది. ఒక సొరంగం, మళ్లీ వాన, మళ్లీ సొరంగం. సొరంగంలోకి దూరినప్పుడల్లా ఫ్యాన్ హోరు రెట్టింపై చెవులు గింగిర్లెత్తేవి. డ్రైవర్ ఒక చేయి హ్యాండిల్ మీద, ఇంకో చేయి బ్రేక్ మీద. కళ్లు మీటర్ మీద.

“బొర్రా వస్తన్నాది. రాళ్లు పడతాయి, దీపం ఎలుగులో పట్టా సూస్తా ఉండు. నువ్వు సూసింది నాకు సెప్పు, నేను సూసింది నీకు సెప్తాను.”

తూర్పు కనుమల ఘాట్‌లో వానాకాలం ఇప్పటికీ కొండచరియలు పట్టాల మీద పడి రైళ్లు ఆగిపోతుంటాయి. అప్పటి డ్రైవర్‌కు ఆధారం హెడ్‌లైట్ వెలుగు, పక్కవాడి కళ్లు, తన అనుభవం. శివలింగపురం చేరి, బొడ్డవర దాటి, మైదానం కనబడ్డాక గానీ వాళ్లకు ఊపిరి తిరిగేది కాదు. అక్కడి నుంచి ఆ రాయి విశాఖ రేవుకు చేరి, జపాన్ ఓడ ఎక్కేది.

ఇలాంటి డ్యూటీకి కోలముక్కు వల్ల ఒరిగేది ఏమీ లేదు. కావాల్సినవి లాగే బలం, ఆపే బలం, వంగిన పట్టా మీద వెనక్కి తిరిగి చూడగలిగే కిటికీ. డబ్ల్యూడీఎం-2 ఆ మూడూ ఇచ్చింది.

తీగలు వచ్చాయి

ఘాట్‌లో డీజిల్ రాజ్యం ఎక్కువ కాలం సాగలేదు. 1980ల మొదట్లో కొత్తవలస, కిరండూల్ మార్గానికి విద్యుత్ తీగలు వచ్చాయి. వాల్తేరు డీజిళ్లు వేరే మార్గాలకు వెళ్లిపోయాయి.

వాటిని పుట్టించిన కంపెనీలు కూడా ఒక్కొక్కటే అస్తమించాయి. 1969లో ఆల్కో మూతబడింది. దాని డిజైన్ల బాధ్యత మాంట్రియల్ వర్క్స్ చేతికొచ్చింది. మన మీటర్‌గేజ్ మీద తిరిగిన వైడీఎం-4ఎ ఇంజన్లను 1960ల్లో పంపింది ఆ మాంట్రియల్ వర్క్సే. 1975లో దాన్ని బంబార్డియర్ కొంది, 1980ల్లో అక్కడ ఇంజన్ల తయారీ ఆగిపోయింది. కెనడాలో ముక్కు ఎఫ్‌పీఏ-4లు 1980ల చివరి దాకా ప్రయాణికుల రైళ్లు లాగి విశ్రాంతి తీసుకున్నాయి. వారణాసి మాత్రం 251 కుటుంబపు ఇంజన్లను మెరుగుపరుస్తూ ఇరవై ఒకటో శతాబ్దంలోనూ తయారుచేసింది. కన్నవాళ్లు మానేసిన పనిని పెంచినవాళ్లు కొనసాగించారు.

1925 నాటి 15820కి మన మన్యంలో ఒక దూరపు చుట్టం కూడా ఉండేది. ఆ బండిలాగే ఇంజనూ ప్రయాణికులూ కలిసే ఉండే రైలు బస్సు బొబ్బిలి, సాలూరుల మధ్య చాలా ఏళ్లు తిరిగింది. కొండ జనం సంతకూ ఆసుపత్రికీ అందులో వెళ్లేవారు.

1990ల్లో రాయగడ, కోరాపుట్ మార్గం పూర్తయ్యాక, అరకు కొండల పట్టా పార్వతీపురం లోయ పట్టాతో కలిసింది. జగదల్‌పూర్ రైళ్లు మన కురుపాం నియోజకవర్గంలోని కూనేరు మీదుగా నడవడం మొదలుపెట్టాయి. 2017 జనవరి 21 రాత్రి అక్కడే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. దాదాపు నలభై మంది చనిపోయారు. కురుపాం ప్రాంతం దేశమంతటా రైలు వార్తల్లోకి ఇలా ఎక్కడం విషాదం. అదే ఏడాది ఏప్రిల్‌లో అరకు బండికి అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించారు. రాయి కోసం తొలిచిన సొరంగాలను ఇప్పుడు సెలవుల్లో పిల్లలు లెక్కపెడుతున్నారు.

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పాత వాల్తేరు డివిజన్‌ను రెండుగా చేయడానికి ఆమోదం తెలిపింది. విజయనగరం నుంచి కూనేరు దాకా విశాఖ డివిజన్. కూనేరు అవతల మార్గంతోపాటు కొత్తవలస నుంచి పైకి సాగే ఘాట్ మార్గం కూడా కొత్త రాయగడ డివిజన్‌కు కేటాయించారు. రెండు డివిజన్ల సరిహద్దు కురుపాం గడపలోకి వచ్చింది.

ఇంజన్ నంబరుంది, మనిషి పేరేది?

డబ్ల్యూడీఎం-1లలో మొదటిది, నంబరు 17000, న్యూఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఢిల్లీ వెళ్లినప్పుడు ఆ వంపు ముక్కును చూసి రండి.  కానీ ఈ దేశపు సరుకు లాగింది, ఘాట్ దిగింది, వారణాసిలో వేల సంఖ్యలో మళ్లీ మళ్లీ పుట్టింది, ఆ ముక్కు వెనకనున్న 251. తొడుగు దాని పని చూసుకుని వెళ్లిపోయింది. అరవై ఏడు గంటలు ఆగకుండా తిరిగిన తొలి ఇంజన్ రుజువు చేసింది కూడా అదే. దానికీ ముక్కు లేదు.

ఇంజన్లకు నంబర్లు రాసి దాచుకున్నాం. వాటిని వానలో, చీకట్లో, యాభై ఎనిమిది సొరంగాల గుండా దింపిన వాళ్ల పేర్లు ఏ ఇంజన్ మీదా రాయలేదు. ఆ డీజిల్ కాలంలో ఘాట్ డ్యూటీ చేసిన డ్రైవర్లు, అసిస్టెంట్లు, గార్డులు, షెడ్ ఫిట్టర్లు, పట్టా కాపలా కాసిన గ్యాంగ్‌మెన్ విశాఖలో, విజయనగరంలో, పార్వతీపురంలో, మన మన్యం గూడేల్లో ఇంకా ఉన్నారు. ఇప్పుడు వాళ్లకు డెబ్బై అయిదు, ఎనభై ఏళ్లు. మీ ఇంట్లో అలాంటి తాతగారుంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు నొక్కి, త్యాడ దగ్గర మొదటిసారి దిగిన రాత్రి సంగతి అడగండి. ఆలస్యం చేయకండి.